అరవై సెంటీమీటర్ల తూర

నాకు చేపంటే గిట్టదు. ముల్లు గొంతులో ఇరుక్కుంటుందని చిన్నప్పటి నుంచీ భయం. సముద్రమంటారా, షూటింగుల్లో నలుగురి చేత నీలం గుడ్డ ఊపించి చూపించడమే తప్ప, ముప్పై ఎనిమిదేళ్ళు వచ్చేదాకా అసలు సముద్రాన్ని నేను చూడనే లేదు. అలాంటివాణ్ణి రెండు వేల ఆరు ఎండాకాలం మొత్తం ఒక చేప గురించి ఇంట్లో తిట్లు తిన్నాను, ఆఖరికి నడిసముద్రంలో నిలబడి పరువు తీసుకున్నాను.

ఫిల్మ్‌నగర్‌లో సెట్లు వేసే మేస్త్రీని నేను. పేరు వెంకటనర్సయ్య. ఆర్ట్ డైరెక్టర్ కాగితం మీద గీసినదాన్ని చెక్కతో, థర్మకోలుతో, ఫైబరుతో నిలబెట్టడం నా పని. గుడి కావాలంటే గుడి, జైలు కావాలంటే జైలు. ఆ ఏడాది ప్రతి సినిమాలోనూ హీరో సాఫ్ట్‌వేర్ ఇంజనీరే కాబట్టి ఉగాదిలోపే ఆరు కంప్యూటర్ ఆఫీసులు కట్టాను. హీరో పొట్టివాడైతే తలుపు కొలతల్ని నాలుగంగుళాలు తగ్గించి కడతాం. ఆ గుమ్మంలో నిలబడితే ఎవడైనా ఆరడుగుల మనిషిలాగే ఉంటాడు. ఇందులో మోసమేమీ లేదని, ఇదే మా విద్య అని నా నమ్మకం.

నా కూతురు మనోజకు మాత్రం ఆ నమ్మకం లేదు. పదేళ్ళ పిల్ల. నేను ఏ వస్తువు తెచ్చిచ్చినా వేలితో టకటకా కొట్టి చూసి గానీ తీసుకోదు. పలక కొట్టింది, పెన్సిల్ డబ్బా కొట్టింది, ఆఖరికి యాపిల్ పండును కూడా కొట్టింది. ఇదంతా దాని ఆరో పుట్టినరోజున మొదలైంది. షూటింగ్ అయిపోయిన మూడంతస్తుల కేకుని రహమత్ నగర్‌లోని మా కిరాయి ఇంటికి మోసుకొచ్చాను. పైన పూసిన క్రీము నిజమే, లోపలంతా థర్మకోలు. పై అంతస్తు తీసేసి అక్కడ బేకరీ కేకు పెట్టాలనుకున్నాను. పనుల హడావుడిలో మరచిపోయాను. గల్లీ పిల్లలందరూ చప్పట్లు కొడుతుంటే మనోజ కత్తి దించింది. కత్తి దిగలేదు, కిర్రుమంది. పిల్లలందరూ పడీ పడీ నవ్వారు.

నాలుగేళ్ళయినా ఆ కేకు నన్ను వదల్లేదు. వాళ్ళమ్మ ఇచ్చినవాటిని అది ఎప్పుడూ కొట్టి చూడదు. వాళ్ళమ్మ చెప్పిన మాటని రెండోసారి అడగదు. నా దగ్గరికి వచ్చేసరికే టకటకా. కన్నబిడ్డ నన్ను నమ్మడం లేదని నాకెంత మంటగా ఉండేదో చెప్పలేను. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, నేనిచ్చినదాన్ని అది మారుమాట లేకుండా తీసుకోవాలి. ఆ ఏడాది నాకు కావలసిందల్లా అదే.

ఏప్రిల్‌లో జూబిలీహిల్స్ నుంచి సత్యనారాయణమూర్తి గారు కబురు పెట్టారు. ఆయనకు మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీ ఉంది. ఇల్లు కట్టడానికి స్థలంలో ఉన్న రాతిగుండ్లన్నిటినీ మందు పెట్టి పేల్పించారు. ఇల్లు పూర్తయ్యాక తోట బోసిగా ఉందని, ఫైబరుతో గుండ్లు చేసిపెట్టమని నన్ను పిలిపించారు. మొదటి గుండు చేసి చూపించాను.

"ఇది రాయిలా లేదయ్యా నర్సయ్యా," అన్నారు చుట్టూ తిరిగి. "ఏదో తేడాగా ఉంది."

రాయిలాంటి రాయిని మీరే పేల్పించారు కదా సార్ అని నోటిదాకా వచ్చింది. మింగేశాను. రంగు మార్చి తెస్తానన్నాను. మూడుసార్లు మార్చాను, మూడుసార్లూ తేడాగానే ఉంది.

ఒంటిపూట బడులు కావడంతో మూడోసారి వెళ్ళిన రోజు మనోజ నా వెంటే ఉంది. గుండును వేలితో కొట్టి, "బోలు," అంది. మూర్తి గారికి నవ్వాగలేదు. పిల్లని లోపలికి పిలిచి గోడమీది ఫొటో చూపించారు. అందులో ఆయన పడవ మీద నిలబడి ఒక పెద్ద చేపను రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నారు.

"గిది ఫైబరా సార్?" అంది మనోజ.

"ఫైబరేంటమ్మా! ట్యూనా. మనవాళ్ళు తూర అంటారు. విశాఖపట్నంలో నేనే పట్టాను. ఏటా వెళ్తాం మా క్లబ్బు వాళ్ళం."

అది ఫొటో దగ్గరికి వెళ్ళి చాలాసేపు చూసింది. ఫొటోని కొట్టి చూస్తే ఏం తెలుస్తుంది? నా వైపు తిరిగి, "నేను గూడ పడత నాయినా," అంది.

అప్పుడు నేను నోరు మూసుకుని ఉండాల్సింది. "సార్‌తోని పోదాం బిడ్డా. నీ చేత్తోని నువ్వే పట్టు. నిజంది, పానమున్నది," అనేశాను. మూర్తి గారు మంచి మనిషే, కాదనలేదు. కాకపోతే ముందే చెప్పారు. మే నెలాఖరు దాకా బోట్ల వేట మీద నిషేధం ఉంటుందట, జూన్‌లో వెళ్ళాలట. మూతి నుంచి తోక చీలిక దాకా అరవై సెంటీమీటర్లు లేని తూరను మళ్ళీ నీళ్ళలో వదిలేయాలట.

"అవి ఇంకా పిల్లలు నర్సయ్యా. గుడ్లు పెట్టే ఈడుకి రాకముందే పట్టేస్తే రేపు సముద్రంలో ఏం మిగులుతుంది? ఇది మా క్లబ్బు రూలు. ఎవరికీ మినహాయింపు లేదు, చిన్నపిల్లలకైనా సరే."

కొండని పేల్చడానికి లేని రూలు చేపకెందుకని నాకు ఒళ్ళు మండింది. సరే సార్ అన్నాను.

ఇక ఆ మే నెల నా శత్రువుకి కూడా వద్దు. బయట నలభై మూడు డిగ్రీల ఎండ. లోపల కుట్టుమిషన్ ముందు నా భార్య బాలమణి. క్యాలెండర్ ముందు మనోజ. రోజుకు పదిసార్లు అదే ప్రశ్న.

"నాయినా, నిషేధం నిజంగనే ఉన్నదా? లేకుంటే నన్ను తీస్కపోకుండ ఉండెటందుకు చెప్తున్నవా?"

"సర్కారు పెట్టింది బిడ్డా. నేనా పెట్టింది?"

"అమ్మా, నిజమేనా?"

చూశారా? నిషేధం ఉందో లేదో నాకు కాదు, బోరబండ దాటి బయటికి పోని వాళ్ళమ్మకు తెలియాలి. బాలమణి మిషన్ ఆపకుండానే, "నిజమేనంట బిడ్డా, టీవీల చెప్పిండ్రు," అంటే అప్పుడు ఊరుకునేది.

మిషన్ కాస్త ఆగితే బాలమణి నా మీద పడేది. "చేప కావాల్నంటే రాంనగర్ల కుప్పలుగ దొరుకుతయి. గాడ కొనుక్కచ్చి పిల్ల చేతుల పెట్టేటోనికి సముద్రమెందుకయ్యా? ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, గల్లీల అందరికి అప్పుడే చేప పులుసు దావతని చెప్పొచ్చింది నీ బిడ్డ."

దావతు సంగతి నాకు అప్పుడే తెలిసింది. కేకు నాటి పిల్లలే మళ్ళీ వస్తారన్నమాట. అక్కడ చేప పడకపోతే? పడినా చిన్నదైతే? మూర్తి గారిని అడిగితే, పోయినేడు పడినవాటిలో సగానికి సగం నాలుగైదు సెంటీమీటర్లు తక్కువై వదిలేశామని తాపీగా చెప్పారు. ఆ వెంటనే, "అన్నట్టు నర్సయ్యా, మా కొలతపలక విరిగిపోయింది. మంచి టేకుతో ఒకటి చేసిపెట్టవూ? నీ చేతి పని నీటుగా ఉంటుంది," అన్నారు.

చేశాను. పాలిష్ పెట్టి, గీతలు చెక్కి, అంకెలు నల్లరంగుతో వేశాను. ఒక్కొక్క సెంటీమీటరునీ ఒక్క మిల్లీమీటరు తగ్గించాను. నా పలక మీద అరవై అంటే అసలు కొలతలో యాభై నాలుగు. పొట్టి హీరోకి తలుపు తగ్గించినట్టే. కంటికి ఎవరికీ తెలియదు, నాకు ముప్పై సెట్ల అనుభవం ఉంది. చేసేటప్పుడు తప్పనిపించలేదు సరిగదా, ఇంత మంచి ఉపాయం తట్టినందుకు నా భుజం నేనే తట్టుకున్నాను.

మనోజ వచ్చి పలకని కొట్టి చూసింది. "నిజం కర్రనేనా?"

"అస్సలు సిసలు టేకు," అన్నాను. అది మాత్రం నిజమే.

జూన్ మొదటి వారంలో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. క్లబ్బు నుంచి రావలసిన మిగతా ఇద్దరూ ఏదో ప్రాజెక్టు డెలివరీ అడ్డొచ్చి ఆగిపోయారు. మూర్తి గారు, నేను, మనోజ. మనోజ సంచిలో జామెట్రీ బాక్సు, బడి స్కేలు కూడా ఉండడం చూసి, సముద్రంలో లెక్కలు చేస్తావా అని నవ్వాను. అది నవ్వలేదు.

మర్నాడు పొద్దున్నే విశాఖ హార్బరులో బోటు ఎక్కాం. బోటు మనిషి ఎల్లాజీ, ఎండకి మాడిన అరవై ఏళ్ళ మనిషి. గంటసేపట్లో నా కడుపులో ఉన్నదంతా సముద్రానికి ఇచ్చుకున్నాను. మనోజకి ఏమీ కాలేదు. బోటు వెనక నాలుగు గాలాలు ఈడ్చుకుంటూ పోతున్నాం. గాలానికి కట్టిన ఎర చేపను చేతిలోకి తీసుకుని కొట్టి చూసింది.

"గిది ప్లాస్టిక్!"

"అవునమ్మా, రబ్బరు చేప. దాన్ని చూసి నిజం చేప అనుకుని తూర వచ్చి పట్టుకుంటుంది," అన్నారు మూర్తి గారు.

"అయ్యో, పాపం," అంది మనోజ. నా వైపు ఎందుకు చూసిందో తెలియదు, నేను మాత్రం నీళ్ళ వైపు చూశాను.

ఎనిమిదింటికి మూర్తి గారికి ఒకటి పడింది. పలక మీద అరవై రెండు. కాసేపటికి ఇంకోటి, అరవై మూడు. రెండింటినీ ఐస్ పెట్టెలో పెట్టించి, "ఈ ఏడాది సైజు బాగుందయ్యా," అని సంబరపడిపోయారు. పిల్ల కోసం వేసిన ఎత్తు ఆయన చేపలకీ పారుతుందన్న సంగతి నాకు అంతవరకూ తట్టనే లేదు. చూడండి నా తెలివి. అప్పుడు చెప్పొచ్చు. చెప్పలేదు. ఒక్క చేప, పిల్లకి ఒక్క చేప పడితే చాలు, పలకని సముద్రంలో జారవిడిచేద్దాం అనుకుంటూ కూర్చున్నాను.

పదింటికి మూడో గాలం చక్రం గిర్రున తిరిగింది. ఎల్లాజీ అరిచాడు, "పాపా, నీదే! రా, రా!"

గాలం కడ్డీని మనోజ పట్టుకుంది, మనోజని నేను పట్టుకున్నాను, మమ్మల్నిద్దరినీ ఎల్లాజీ పట్టుకున్నాడు. పావుగంట లాగాం. దాని అరచేతులు కమిలిపోయాయి, వదలనంటే వదలనంది. తీరా పైకి వచ్చాక చూద్దును కదా, అంత అందమైన ప్రాణిని నేను ఎన్నడూ చూడలేదు. వీపు నల్లటి నీలం, కడుపు వెండి, చిన్న చిన్న పసుపు రెక్కలు. తోకతో చెక్క మీద దడదడా బాదుతోంది. మనోజ దాన్ని వేలితో కొట్టలేదు. అరచెయ్యి ఆనించి అలాగే ఉంచింది. "నాయినా, లోపల కొట్టుకుంటున్నది," అంది. పిల్ల మొహం చూసి నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాలుగేళ్ళ నుంచి నేను ఎదురుచూసిన మొహం అది.

ఎల్లాజీ చేపను పలక మీద పెట్టాడు. మూర్తి గారు వంగి చూశారు. "అరవై ఒకటి! ఉంచేసుకోవచ్చు. శెభాష్ తల్లీ!"

"నేను గూడ కొలుస్త," అంది మనోజ.

సంచి తెరిచింది. ముప్పై సెంటీమీటర్ల స్కేలు తీసి, చేప పక్కనే పలక మీద ఆనించింది. చూసింది. స్కేలుని గౌనుకి తుడుచుకుని మళ్ళీ పెట్టింది. పలక మీద ముప్పై ఉన్నచోట దాని స్కేలు మీద ఇరవై ఏడే ఉంది. దొంగకి తేలు కుట్టినట్టు నిలబడ్డాను.

నా దగ్గరకు వచ్చి, నాకు మాత్రమే వినబడేలా అడిగింది. "నాయినా, నా స్కేలు తప్పా, నీ పలక తప్పా?"

బజారు స్కేళ్ళు అట్లనే ఉంటయి బిడ్డా అంటే సరిపోయేది. రెండు రూపాయల ప్లాస్టిక్ స్కేలు, టేకు పలక. ఎవరిని అడిగినా పలకే ఒప్పంటారు. చేప ఇంటికి వస్తుంది, గల్లీ పిల్లలు వస్తారు, పులుసు ఉడుకుతుంది. ఆ మాట నాలుక మీదే ఉంది. పిల్ల తల ఎత్తి నా నోటి వైపే చూస్తోంది.

"పలకనే తప్పు," అన్నాను. "నేనే తక్కువ చేసిన."

"ఏంటి నర్సయ్యా?" అన్నారు మూర్తి గారు.

గట్టిగా చెప్పాల్సి వచ్చింది. ఎంత తగ్గించానో, ఎందుకు తగ్గించానో చెప్పాను. ఈలోగా చేప బాదడం తగ్గింది. ఎల్లాజీ, "బాబూ, మాటలు తరవాత," అంటూ దాన్ని ఎత్తబోయాడు. మనోజ అడ్డం వచ్చి, "నేను ఇడుస్త," అంది. ఇద్దరూ కలిసి బోటు పక్క నుంచి తల కిందికి పెట్టి వదిలారు.

మూర్తి గారు పిల్లని అడిగి స్కేలు తీసుకుని ఐస్ పెట్టె తెరిచారు. ఒకటి యాభై ఆరు, ఇంకోటి యాభై ఏడు. ఎప్పుడో చచ్చిపోయాయి రెండూ. మూత వేసి, స్కేలు పిల్ల చేతికిచ్చి, బోటు ముందుభాగానికి వెళ్ళి కూర్చున్నారు. తిట్టి ఉంటే బాగుండేది.

"నా చేప బతుకుతదా?" అంది మనోజ, ఎవరినని కాకుండా.

ఎంత కోపంలో ఉన్నా పిల్లకు మాత్రం ఆయన జవాబు చెప్పారు. "బతుకుతుందమ్మా. నీళ్ళలో పడిందిగా, ఏం ఫర్వాలేదు."

"ఎల్లిపోనాది పాపా, లోపలికెల్లిపోనాది," అన్నాడు ఎల్లాజీ.

మనోజ వాళ్ళిద్దరి మాటలూ విని, నా వైపు తిరిగింది. "నాయినా?"

నేను బోటు వెనకవైపు నిలబడి ఉన్నాను. తెల్లటి కడుపు పైకి తేలడం, అలల మీద అది అలాగే దూరమైపోవడం నేను చూశాను. మిగతా ఎవరూ చూడలేదు, లేదా చూడనట్టు ఊరుకున్నారు.

"లేదు బిడ్డా," అన్నాను. "సచ్చిపోయింది. ఎనుక తేలింది, నేను చూసిన. మస్తు సేపు పైన ఉంచినం. నా పలక సక్కగుంటే ఎంటనే ఇడిసేటోళ్ళం."

వెనక్కి తిరిగి చూస్తుందేమో అనుకున్నాను. చూడలేదు. పెద్దగా ఏడ్చింది. నన్ను తోసేస్తుందనుకున్నాను. నా చొక్కా పట్టుకుని ఏడ్చింది, హార్బరు వచ్చేదాకా. నా మీద నాకే ఎంత కోపం వచ్చిందంటే ఆ పలకని మోకాలికేసి విరవబోయాను. టేకు కదా, విరగలేదు. మోకాలు మాత్రం వాచింది.

తిరుగు రైలులో మూర్తి గారు పై బెర్తు ఎక్కి అటు తిరిగి పడుకున్నారు. ఆయన తోటలో సగంలో ఆగిన గుండ్లకు మళ్ళీ రంగు వెయ్యాలో వద్దో చెప్పలేదు.

పొద్దున ఇంట్లో అడుగు పెట్టేసరికి మసాలా వాసన గుమ్మందాకా వస్తోంది. బాలమణి రోలు ముందు నుంచి లేచి, "ఏదయ్యా చేప?" అంది. మనోజ మొహం కడుక్కోవడానికి పెరట్లోకి పోయింది. నేను మొత్తం చెప్పాను. ఇంత వయసొచ్చి పిల్ల ముందు నిలబడి దోషిలా చెప్పుకున్నది చాలక మళ్ళీ పెళ్ళాం ముందు.

బాలమణి పలక సంగతి దగ్గర తల కొట్టుకుంది. ఐస్ పెట్టె సంగతి దగ్గర ఇంకోసారి కొట్టుకుంది. ఆఖరున చేప తేలిందని పిల్లకి చెప్పానన్న దగ్గర అగ్గి మీద గుగ్గిలమైంది.

"అబద్ధమాడొద్దు అన్న కాడ ఆడినవ్. పిల్ల మనసు నిమ్మలం చేసేటందుకు ఒక్కటాడుమంటే నీకు సత్యం యాదికొచ్చిందా? బతికిందంటే నీ సొమ్మేం పోతుండె? గాళ్ళిద్దరు అననే అన్నరు గదా! పిల్ల కండ్లు సూసినవా, ఉబ్బిపోయి ఉన్నయి. సంవత్సరం దాక ఏడుస్తది ఇగ."

ఆమె అన్నదాంట్లో తప్పేమీ కనబడలేదు.

మనోజ తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ లోపలికి వచ్చింది. బాలమణి దాన్ని దగ్గరికి లాక్కుని, తల నిమిరి, గొంతు మెత్తగా చేసుకుంది.

"ఏడ్వకు బిడ్డా. నీ చేప బతికే ఉంటది. గంత పెద్ద సముద్రం, యాడికో పోయి ఉంటది. మీ నాయినకు సరిగ కనవడలే."

మనోజ వాళ్ళమ్మ మొహంలోకి చూసి తల అడ్డంగా ఊపింది.

"లేదమ్మా," అంది. "సచ్చిపోయింది. నాయిన చూసిండు."